పుచ్చుకొను చేయి

కాయకమునే ధర్మముగా నెంచి, చెమటోడ్చి ఆర్జించినదానిలో ఒక పాలు జంగమునకు సమర్పించి, మిగిలినదానిని ప్రసాదముగా స్వీకరించు గృహస్థునకు పరుల యెదుట చేయి చాపుట కడు దుష్కరము. పెట్టుటయే యెరిగిన ఇంట పుచ్చుకొనవలసిన దినము వచ్చినచో, ఆ పుచ్చుకొనుట లాఘవమా? లేక అదియు ధర్మములో నొక భాగమా? ఈ ప్రశ్న గ్రంథములలో కంటె ఆసుపత్రి వరండాలలో తీవ్రముగా వినవచ్చును.

రక్త క్యాన్సరు సోకిన బాలుని కుటుంబమును ఉదాహరణముగా తీసికొందము. ఎముకలలోని మజ్జ రక్తకణములకు పుట్టినిల్లు. అచట అపక్వములైన తెల్లకణములు అదుపు తప్పి పెరిగి, మంచి కణములకు చోటు లేకుండ చేయుటయే ల్యుకేమియా. బాలలలో తరచుగా కనబడు తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాకు చికిత్స ఇంచుమించు 2 నుండి 3 సంవత్సరములు సాగును. తొలి మాసములలో మందుల ధాటికి రోగకణములతోపాటు మంచి కణములును నశించును. అప్పుడు స్వల్పజ్వరమైనను ప్రాణాపాయమే. అర్ధరాత్రియైనను ఆసుపత్రికి పరుగిడవలెను. కాచి చల్లార్చిన నీరు, అప్పుడే వండిన అన్నము, శుభ్రమైన గది, ఇవియు ఔషధములతో సమానములే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వంటి పథకములు పేదల చికిత్సాభారమును తగ్గించినవి. కాని దూరపు పల్లెనుండి హైదరాబాదునకు వచ్చు తండ్రికి బస్సు చార్జీలు, బస, భోజనము, పోయిన కూలి, వీనికి దారి యేది? వ్యాధి లొంగుచున్న దశలోనే చేతిలో పైకము లేక చికిత్స మానివేయువారు కలరు. నడుమ మానినచో వ్యాధి తిరుగబెట్టుట మెండు. ఆసుపత్రి చెంత నొక గది, రెండుపూటల భోజనము, మరల రావలసిన తేదీని జ్ఞాపకము చేయు నొక మనిషి: స్థానిక సేవాసంస్థ ఇచ్చునది ఇంతియే. చికిత్స తెగిపోకుండ నిలుపునదియు ఇదియే.

అయినను ఆ తండ్రి మొదట, "వద్దు బాబూ, మా ఇంట ఎవరి సొమ్మూ తినలేదు" అనును. ఆ అభిమానము దోషము కాదు. కాయకము నేర్పిన గుణమే. కాని ఆతడొక సంగతి మరచుచున్నాడు. బిడ్డకు ఎక్కించు రక్తము ఏ కర్మాగారమునను తయారు కాదు. సేకరించిన ప్లేట్‌లెట్లు సాధారణముగా 5 దినములకు మించి నిలువవు. సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు ననుసరించి, 1998 నుండి మన దేశమున డబ్బు పుచ్చుకొని రక్తమిచ్చుట నిషిద్ధము. కావున కోటీశ్వరుని బిడ్డయైనను ఊరు పేరు తెలియనివాని దయచేతనే బ్రతుకవలెను. ఆ రక్తదాతయు చేయి చాపియే ఇచ్చును గదా! చాపిన చేయి నంతటిని యాచకహస్తమనుట తగదు.

ఈ చికిత్స చరిత్రలోనే మరియొక నిదర్శనము కలదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాకు పోయి చదువుటకు తోడ్పడినవారిలో కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ యొకటి. అనంతర కాలమున లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన పరిశోధనల ఫలితముగా అమినోప్టెరిన్ వెలువడెను. దానివలన కొందరు బాలలలో ల్యుకేమియా తాత్కాలికముగా ఉపశమించినదని బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించెను. దాని సోదరౌషధమగు మెథోట్రెక్సేటు నేటికిని ఈ చికిత్సలో వాడుకలో నున్నది. నాడు ఆ విద్యార్థి అభిమానముచే సాయమును నిరాకరించియుండినచో? పుచ్చుకొనుట యెల్లప్పుడును ఋణముతో ముగియదు. ఒక్కొక్కప్పుడు అది దానమునకు వంతెన యగును.

ఇక ఇచ్చువాని ధర్మ మెట్టిది? దాసోహమనగా 'నేను దాసుడను' అను భావము. అన్నము పెట్టి, రోగిని నిలువబెట్టి ఫోటో తీయించువాడు దాత యగునేమో గాని దాసుడు కాడు. తనకు తోచినది గాక రోగికి కావలసినదేదో అడిగి తెలిసికొనుట, ఇచ్చినదానిని మరల ఎత్తిచూపకుండుట, ఇవి దాసోహమునకు లక్షణములు. ఇచ్చువాడు వంగినచోట పుచ్చుకొనువాడు తల దించుకొనవలసిన పని లేదు.

పుచ్చుకొన్నవానికిని కాయకము కలదు. వేళ తప్పక మందు మ్రింగించుట, జ్వరమును దాచకుండుట, చెప్పిన దినమున వచ్చుట, ఇవియే ఆ దినములలో ఆ ఇంటి కాయకము. వ్యాధి నయమైనను ల్యుకేమియా వచ్చినవారినుండి సాధారణముగా రక్తము స్వీకరింపరు. పుచ్చుకొన్న రక్తమును రక్తముగా తీర్చుట సాధ్యము కాదు. మరియొక రోగికి దారి చూపియో, ధైర్యము చెప్పియో తీర్పవలెను. కొందరు బిడ్డలు ఎంత చేసినను దక్కరు. వారికిచ్చిన గదియు, అన్నమును, రక్తమును వృథాయని చెప్ప నెవరికి నోరాడును? ఫలమును లెక్కించి చేసినది బేరము. లెక్కింపక చేసినది దాసోహము. దానిని సిగ్గుపడక స్వీకరించుటయు ఆ ధర్మమునకు లోబడుటయే.