గెలిచాక ఏం చేస్తావు? ఆటాడే మన పిల్లలకు ఒక ధమ్మం మాట

ధమ్మ బంధువులారా, ఈసారి మాట ముఖ్యంగా కాలేజీల్లో చదువుకుంటూ కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ ఆడుతున్న మన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. పెద్దలు కూడా చదవాలి. ఎందుకంటే పిల్లలు గ్రౌండులో చేసేది ఎక్కువగా మన దగ్గర చూసి నేర్చుకున్నదే.

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో ఏ వాడకి వెళ్లినా సాయంత్రం పూట రెండు కర్రలు పాతి నెట్టు కట్టి ఉంటుంది. లేకపోతే ముగ్గుతో గీసిన కబడ్డీ కోర్టు ఉంటుంది. సంక్రాంతికి, ఏప్రిల్ 14న బాబాసాహెబ్ జయంతికి పోటీలు పెడతాం. అమ్మ మిరపకోతకి, నాన్న పత్తి చేలో మందు కొట్టడానికి వెళ్తే, బిడ్డ కాలేజీ జట్టులో చోటు సంపాదించి యూనివర్శిటీ పోటీల దాకా వెళ్తున్నాడు. మనకిది సంతోషం. స్పోర్ట్స్ కోటాలో పోలీసు ఉద్యోగమో, రైల్వే ఉద్యోగమో వస్తే ఇల్లు నిలబడుతుంది.

అయితే ఒక విషయం మాట్లాడుకోవాలి. కూతకి వెళ్లి ఇద్దర్ని ముట్టుకుని గీత దాటి వచ్చిన కుర్రాడు వెంటనే వెనక్కి తిరిగి, అవతలి జట్టు వైపు చూసి తొడ కొడతాడు. మీసం లేకపోయినా మెలేస్తాడు. పట్టుబడి కింద పడ్డవాడి మీదకి వంగి అరుస్తాడు. ఫైనల్ గెలిస్తే బైకులకి సైలెన్సర్లు పీకి, ఓడినవాళ్ల వీధిలోంచే రెండుసార్లు తిరుగుతారు. రాత్రికి మందు. తెల్లారేసరికి ఫోనులో స్టేటస్సు, ఓడినవాళ్ల మీద ఒక బూతు పాట. మూడోరోజుకి గొడవ. నాలుగోరోజు పోలీసుస్టేషను. కేసు రాసుకున్న కుర్రాడికి ఉద్యోగం వచ్చే సమయానికి ఆ కేసు అడ్డం పడుతుంది. ఇలాంటివి మన వాడల్లో చూస్తూనే ఉన్నాం. గెలిచింది అరగంట ఆట, పోగొట్టుకున్నది పదేళ్ల కష్టం.

సంతోషపడటం తప్పా అని అడుగుతారు. తప్పు కాదు. భగవానుడు ఏనాడూ సంతోషాన్ని నిందించలేదు. నాలుగు బ్రహ్మవిహారాల్లో ముదిత ఒకటి. ముదిత అంటే మంచి జరిగితే మనసారా ఆనందించడం, ఎదుటివాడికి మంచి జరిగినా ఆనందించడం. మీ జట్టువాడు మంచి పట్టు పడితే వాటేసుకోండి, చేతులు కలపండి, గాల్లోకి ఎగరండి. అది ముదిత. తొడ మాత్రం ఎదుటివాడిని చూసే కొడతాం. ఎవరూ లేని గదిలో ఎవడూ తొడ కొట్టుకోడు. అంటే ఆ చప్పుడులో ఉన్నది సంతోషం కాదు, అవతలివాణ్ణి తక్కువ చేయాలన్న కోరిక. రెండింటికీ తేడా చేతిలో లేదు, మనసులో ఉంది. బౌద్ధంలో దాన్నే చేతన అంటాం. ఒక పని మంచిదా చెడ్డదా అన్నది చేతనని బట్టే తేలుతుంది.

కోసల రాజు పసేనది కథ చూద్దాం. మగధ రాజు అజాతశత్రువు అతని మీదకి దండెత్తాడు. మొదటి యుద్ధంలో పసేనది ఓడి శ్రావస్తికి పారిపోయి వచ్చాడు. ఆ సంగతి భిక్షువులు భగవానుడికి చెప్పారు. గెలుపు పగని కంటుందని, ఓడినవాడికి నిద్ర పట్టదని, గెలుపూ ఓటమీ రెండూ దించుకున్నవాడే హాయిగా పడుకుంటాడని ఆయన చెప్పిన సారం. తర్వాత యుద్ధంలో పసేనది గెలిచాడు. అజాతశత్రువుని ప్రాణాలతో పట్టుకున్నాడు. ఏనుగులు, గుర్రాలు, రథాలు, సైన్యం లాక్కుని మేనల్లుణ్ణి వదిలేశాడు. అప్పుడూ భగవానుడు శభాష్ అనలేదు. దోచుకున్నవాణ్ణి దోచుకునేవాడు, గెలిచినవాణ్ణి గెలిచేవాడు ఎక్కడో పుడుతూనే ఉంటాడు, ఈ చక్రం తిరుగుతూనే ఉంటుందన్నాడు.

ఈ చక్రం మన గడ్డకి కొత్త కాదు. పల్నాటి యుద్ధం కథ మనకి తెలిసిందే. నాగమ్మకీ బ్రహ్మనాయుడికీ మధ్య కోడిపందెం. ఓడినవాళ్లు ఏడేళ్లు ఊరొదిలి పోవాలని షరతు. ఆ పందెం చివరకి కారంపూడి యుద్ధభూమికి చేరింది. కన్నమదాసు లాంటి మన బిడ్డ కూడా ఆ యుద్ధంలో కత్తి పట్టి ముందు నిలిచాడని చెప్పుకుంటాం. మొదలైంది ఎక్కడ? ఒక ఆట దగ్గర, ఆటలో ఓడినవాణ్ణి అవమానించే షరతు దగ్గర.

మదం అని ఒక మాట ఉంది. భగవానుడు మూడు మదాల గురించి చెప్పాడు. వయసులో ఉన్నానన్న మదం, ఆరోగ్యంగా ఉన్నానన్న మదం, బతికే ఉంటానన్న మదం. ఇరవై ఏళ్ల ఆటగాడికి మూడూ నిండుగా ఉంటాయి. దానికి గెలుపు తోడైతే సారా తాగక్కర్లేదు, అదే మత్తు. అమరావతి స్తూపం రాళ్లలో ఒక గుండ్రటి శిల్పం ఉంది. ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. రాజగృహం వీధిలో మదమెక్కిన నాలాగిరి ఏనుగు జనాన్ని తొక్కుకుంటూ వస్తోంది. మనుషులు పరుగులు పెడుతున్నారు, మేడల మీంచి తొంగి చూస్తున్నారు. అదే రాయి మీద పక్కనే అదే ఏనుగు భగవానుడి ముందు మోకరిల్లి ఉంది. మన ప్రాంతపు శిల్పి ఒకే ఏనుగుని ఒకే గుండ్రంలో రెండుసార్లు చెక్కాడు. దీన్ని మహిమగా చూడక్కర్లేదు. ఏనుగుని చంపలేదు, దాని బలం తీసేయలేదు. బలం అంతే ఉంది, మదం ఒక్కటే దిగింది. మన పిల్లల నించి ధమ్మం అడిగేది కూడా అంతే. బలం తగ్గించుకోమనదు.

మన పూర్వులైన బౌద్ధులు ఆటకి దూరంగా బతకలేదు. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు తవ్వకాల్లో నాలుగు వైపులా ఇటుక మెట్లున్న ఒక ప్రాంగణం బయటపడింది. సాగర్ నీళ్లలో మునిగిపోకముందు ఆ కట్టడాలని తరలించి, కొన్నింటిని మాచర్ల దగ్గర అనుపులో మళ్లీ నిలబెట్టారు. ఆ నగరం పేరు విజయపురి. పేరులోనే విజయం ఉంది. అదే లోయలో విహారాలూ ఉన్నాయి. జనం కూడి చూసే చోటు, భిక్షువులు ధ్యానం చేసే చోటు ఒకే ఊళ్లో ఉన్నాయి. వీలైతే మీ జట్టుని ఒకసారి అనుపు తీసుకెళ్లండి. ఆ మెట్ల మీద కూర్చుని మాట్లాడుకోండి.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. ఈ మాట ఎక్కడ చెప్పినా వాడ కుర్రాళ్లు అడిగేది ఒకటే. "అన్నా, తరతరాలుగా తల వంచుకునే బతికాం. ఇప్పుడు గెలిచాక కూడా తగ్గి ఉండమంటావా? ఊళ్లోవాళ్లు తొడ కొడితే పౌరుషం, మేం కొడితే పొగరా?" ఈ ప్రశ్న న్యాయమైంది. దీన్ని దాటేసి వెళ్లిపోతే మనం చెప్పే ధమ్మానికి విలువ ఉండదు.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురిని చంపారు. తాగే నీళ్ల చెరువుని మురికి చేయొద్దని అడగడమే మనవాళ్లు చేసిన తప్పు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని నరికారు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న మాట దగ్గర మొదలైంది. అక్కడ మనవాళ్లు నిగ్రహం తప్పలేదు. మన కాలు, మన మాట, మన చదువు చూసి ఓర్వలేనివాళ్ల మదం అది. కాబట్టి ఎవరైనా "మీరు కాస్త ఒదిగి ఉంటే గొడవలు రావు" అంటే నమ్మకండి. అది ధమ్మం కాదు, పాత కులం మాటే.

భయపడి తొడ కొట్టకపోవడం నిగ్రహం కాదు. బెదిరిస్తే, దూషిస్తే, కులం పేరు ఎత్తితే ఊరుకోకండి. రెఫరీకి చెప్పండి, నిర్వాహకులకి రాసివ్వండి, చట్టం ఉంది, 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం. ఆ దారిలో గట్టిగా నిలబడండి. నిగ్రహం అంటే కొట్టగలిగీ కొట్టకపోవడం, అవమానించగలిగీ అవమానించకపోవడం. బయట నుంచి చూస్తే భయస్తుడూ నిగ్రహవంతుడూ ఒకేలా కనపడొచ్చు. భయస్తుడి కళ్లు నేల చూస్తాయి. నిగ్రహం ఉన్నవాడు ఎదుటివాడి కళ్లలోకి చూసి చెయ్యి చాస్తాడు.

ఇంకొకటి ఆలోచించండి. కబడ్డీ అంటేనే ముట్టుకునే ఆట. పాయింట్లు ఎక్కువగా ముట్టుకుంటేనే వస్తాయి. మనిషిని మనిషి ముట్టుకుంటే మైల అని చెప్పిన దేశంలో, ముట్టుకోవడమే నేర్పు అయిన ఆట ఇది. పట్టు పట్టేటప్పుడు ఊళ్లో పిల్లాడి చెయ్యీ వాడ పిల్లాడి చెయ్యీ గొలుసుగా కలుస్తాయి. ఇరవై నిమిషాలు, మళ్లీ ఇరవై నిమిషాలు, ఆ గీతల మధ్య కులం పని చేయదు. ఆటగాళ్లకి గ్రౌండు బయట ఏం జరిగేదో పల్వంకర్ బాలూని అడగాలి. దళితుడు, గొప్ప బౌలరు. 1911లో భారత జట్టుతో ఇంగ్లండు వెళ్లి వందకు పైగా వికెట్లు తీశాడు. అంతకుముందు పూనాలో అతని బంతి కావాలి గాని, టీ మాత్రం పెవిలియన్ బయట మట్టి ముంతలో విడిగా ఇచ్చేవాళ్లు. గీతల లోపల సమానత్వం, గీత దాటితే ముంత. మనం ఆ గీతల లోపల దొరికిన సమానత్వాన్ని పెంచాలా, తుంచాలా? ముట్టుకుని గెలిచిన చేత్తోనే తొడ కొట్టి అవతలివాణ్ణి కింద పడేస్తే, పెద్దా చిన్నా అన్న పాత మెట్లే మళ్లీ కడుతున్నాం. ఈసారి పైమెట్టు మీద మనం ఉన్నాం, అంతే తేడా. బాబాసాహెబ్ మెట్లు మార్చుకోమనలేదు, మెట్లు లేకుండా చేయమన్నాడు.

గెలుపు, ఓటమి రైతు ఇంటి పిల్లలకి కొత్త పాఠం కాదు. మిరప క్వింటాలు 20 వేలు దాటిన ఏడూ చూశాం, అందులో సగానికి పడిపోయిన ఏడూ చూశాం. ధర వచ్చిన ఏడు ఊరేగినవాడే ధర పోయిన ఏడు పురుగుమందు డబ్బా వైపు చూస్తున్నాడు. భగవానుడు అష్ట లోకధర్మాలని చెప్పాడు. లాభం, నష్టం, కీర్తి, అపకీర్తి, పొగడ్త, నింద, సుఖం, దుఃఖం. ఇవి గాలిలాగా వస్తాయి, పోతాయి. గెలుపుకి మరీ ఎగిరిపడే మనసు ఓటమికి అంతే లోతుకి పడిపోతుంది. గెలిచిన రోజు నిగ్రహం నేర్చుకున్నవాడు ఓడిన రోజు బతికి బట్టకడతాడు. ఇది ఆట కోసమే చెప్పడం లేదు, ప్రాణాల కోసం చెబుతున్నాం.

పెద్ద ఆటగాళ్లకీ ఇది తేలిక కాదు. 2023 అక్టోబరు 7న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో భారత్, ఇరాన్ కబడ్డీ ఫైనల్ ఒక్క కూత మీద తగాదాతో సుమారు గంటసేపు ఆగింది. రెండు జట్లూ మ్యాట్ మీద కూర్చున్నాయి. చివరకి భారత్ 33-29తో గెలిచింది. వాదించారు, నిరసన చెప్పారు, తర్వాత ఆట ముగించారు. హక్కు కోసం కూర్చోవడం వేరు, ఓడినవాడి మీద ఎగరడం వేరు.

మరి ఏం చేయాలి? ఆచరణ లేని ధమ్మం గోడ మీద పటమే.

ఒకటి. శ్వాస. కూతగాడికి శ్వాస గురించి ఎవరూ నేర్పక్కర్లేదు. ముప్పై సెకన్ల కూతని ఊపిరి ఆపి నడిపేవాడు అతను. ఆనాపానసతి అతనికి సగం వచ్చేసినట్టే. పాయింటు వచ్చాక, విజిల్ పడ్డాక, మూడు శ్వాసలు గమనించండి. మొదటిదానికి గుండె దడ తెలుస్తుంది. రెండోదానికి చెయ్యి తొడ వైపు పోతున్న సంగతి తెలుస్తుంది. మూడోదానికి ఆ చేత్తో ఏం చేయాలో మీ ఇష్టం మీ దగ్గర ఉంటుంది.

రెండు. ముందు మీ జట్టు వైపు తిరగండి. సంతోషం మనవాళ్లతో పంచుకోండి. అవతలి కోర్టు వైపు చూసి కేకలు వద్దు.

మూడు. కింద పడ్డవాణ్ణి చెయ్యిచ్చి లేపండి. వాడు చెయ్యి పట్టుకోకపోయినా మీరు చాచారు, అది చాలు.

నాలుగు. గెలిచిన రాత్రి మందు వద్దు. 22 ప్రతిజ్ఞలు తీసుకున్న ఇంటి పిల్లలం మనం. మత్తు ముట్టనన్నది అందులో ఉంది, పంచశీలలోనూ ఉంది. గెలుపు మత్తు మీద సారా మత్తు పోస్తే నాలాగిరిని వీధిలోకి వదిలినట్టే.

ఐదు. ఊరేగింపు చేయాలనిపిస్తే ఓడినవాళ్ల వీధి వైపు కాకుండా బాబాసాహెబ్ విగ్రహం దగ్గరకి రండి. దండ వేసి, త్రిశరణాలు, పంచశీల చెప్పుకుని, అమ్మల చేతికి కప్పు ఇవ్వండి. మిరపకోతతో మండే ఆ చేతులే మిమ్మల్ని అక్కడిదాకా తెచ్చాయి. చెల్లెళ్లు గెలిచినా ఇంతే ఘనంగా చేయాలి.

పెద్దలకి ఒక మాట. పిల్లాడు పాయింటు తెస్తే "కొట్రా తొడ" అని గట్టు మీంచి అరిచేది మనమే. ఫ్లెక్సీలో కత్తులు, పులులు వేయించేది మనమే. మన నోరు ముందు అదుపులో పెట్టుకుని, తర్వాత పిల్లలకి చెబుదాం.

వెయ్యిమందిని యుద్ధంలో గెలవడం కన్నా తనని తాను గెలవడం గొప్పదని ధమ్మపదం చెబుతుంది. కోర్టులో ఏడుగురిని గెలిచిన బిడ్డ, విజిల్ పడ్డాక ఎనిమిదోవాణ్ణి, అంటే తనని, గెలవాలి. ఆ గెలుపులో ఓడేవాడు ఎవడూ ఉండడు. అందుకే అది పగని కనదు.

అన్ని జీవులూ సుఖంగా ఉండాలి.

నమో బుద్ధాయ. జై భీమ్.