గోడమీది సమానత్వం

ఒకే గోడమీద పక్కపక్కన వేలాడినంత మాత్రాన రెండు కళలు సమానమవుతాయా? ఈ ప్రశ్న నాకు ఏ సౌందర్యశాస్త్ర గ్రంథంలోనూ ఎదురుకాలేదు. కోయిలకుంట్లలో నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు వేశాడు.

ఇద్దరమూ హైదరాబాదులో ఒక చిత్రశాలకు వెళ్లాము. దేశదేశాల నేటి కళ అక్కడ ప్రదర్శించారు. ఒక యూరపు చిత్రకారుని పటం కింద ఆయన పేరు, పుట్టిన సంవత్సరం, పటం పేరు వున్నాయి. దాని సరసనే మా సీమ తోలుబొమ్మ, నిలువెత్తు హనుమంతుడు. కింద “సాంప్రదాయిక కళ, ఆంధ్రప్రదేశ్” అని మాత్రమే వున్నది.

“ఈ బొమ్మ చేసినాయప్ప చచ్చిపోయినాడా సార్?” అన్నాడు కుర్రవాడు.

“బతికే వుంటాడు.”

“మరి ఆయప్ప మన కాలం మనిషి కాదా?”

నేను జవాబు చెప్పలేకపోయాను. ఒకరిని సమకాలీనుడనీ, మరొకరిని సంప్రదాయమనీ విడదీసేది కాలం కాదు. ఒకరిని వ్యక్తిగా, మరొకరిని జాతి లక్షణంగా చూసే చూపు అది. సామ్రాజ్యాలు పోయినా ఆ చూపు పోలేదు.

సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఈ బొమ్మలు చేసే కుటుంబాలు నేటికీ వున్నాయి. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును వెలుతురు దూరేటంత పలచగా చేసి, రంగులు వేసి, ఉలితో సన్నని రంధ్రాలు కొడతారు. ఆ రంధ్రాలు వెలుగుకు దారులు. తెరవెనక దీపం, పాట, మద్దెల, తెరముందు జనం, అన్నీ కూడితేనే అది బొమ్మ. గోడకు తగిలించిన హనుమంతుని వెనక దీపం లేదు. ఆట అడిగేవారు తగ్గి, అదే తోలుతో ల్యాంపు షేడ్లు చేసి అమ్ముకునే రోజులు వచ్చాయి.

ఇక్కడ మన మిత్రులు కొందరు తొందరపడి తీర్పు చెబుతారు: చిత్రశాల ధనికుల విలాసం, కళను పల్లెకు తిరిగి పంపండి అని. నేను ఒప్పుకోను. ఏ పల్లెకు? ఊరిపెద్ద దయతలిస్తే ఆట, లేకుంటే మూటకట్టుకొని మరో ఊరు. ఆ దయాధర్మాన్నే ఆదర్శమని చూపడం అభ్యుదయమెట్లా అవుతుంది?

చిత్రశాల మేలు చేయగలదు. 1982లో భోపాలులో వెలసిన భారత్ భవన్‌లో చిత్రకారుడు జె. స్వామినాథన్ ఆదివాసుల చిత్రాలను నగర చిత్రకారుల పక్కన సమకాలీన కళగానే నిలిపాడు. అక్కడ వెలుగులోకి వచ్చిన గోండు చిత్రకారుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ 1989లో ప్యారిస్‌లో, ప్రపంచం నలుమూలల నుంచి వందమందికి పైగా కళాకారులను పిలిచిన ప్రదర్శనలో, తన పేరుతోనే నిలిచాడు. అది చిన్న విజయం కాదు. కాని అదే జన్‌గఢ్ 2001లో జపానులో ఒక మ్యూజియం కోసం చిత్రాలు వేస్తున్న రోజులలో ఆత్మహత్య చేసుకున్నాడు. దూరదేశంలో ఒంటరిగా పనిచేసే కళాకారునికి కూలి ఎంత, గడువు ఎంత, ఇల్లు గుర్తొస్తే తిరిగిపోయే స్వేచ్ఛ వున్నదా అన్న ప్రశ్నలను ఆ చావు మనముందు పెట్టింది. గోడమీద పేరు దొరకడంతో సమానత్వం పూర్తికాదు.

ప్రదర్శన అమాయకమైన పని కాదని మా ఊరికి బాగా తెలుసు. 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో జనం ఎదుట ఉరితీసి, తలను ఏళ్ల తరబడి కోటకు వేలాడదీశారు ఆంగ్లేయులు. అది భయపెట్టడానికి చూపినది. చిత్రశాల ఆనందానికి చూపుతుంది. రెండూ ఒకటనేంత మూర్ఖుణ్ణి కాను. అయినా రెండుచోట్లా అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: చూపే అధికారం ఎవరిది? చూపబడేవానికి నోరున్నదా?

కనుక మనం కోరవలసింది చిత్రశాల తలుపులు మూయమని కాదు. చేసినవాని పేరు రాయాలి. పనికి తగిన ప్రతిఫలం ఇవ్వాలి. తన బొమ్మను ఎట్లా చూపాలో చెప్పే హక్కు అతనికే వుండాలి. అతడు దీపం కావాలంటే దీపం పెట్టాలి.

ఈ నీతి నాకూ వర్తిస్తుంది. ప్రజాకళ గురించి ఏళ్ల తరబడి పాఠం చెప్పినవాణ్ణి, కుర్రవాళ్లను ఒక్కనాడైనా నిమ్మలకుంటకు తీసుకుపోలేదు. సీమలో పుట్టినవాడు సీమ బొమ్మను మొట్టమొదట హైదరాబాదులో చూశాడు. ఆ తప్పు చిత్రశాలది కాదు, నాది.

బయటకు వస్తూ కుర్రవాడు అభిప్రాయాల పుస్తకం తెరిచి ఒక్క వాక్యం రాశాడు: “హనుమంతుణ్ణి చేసినాయన పేరు కనుక్కొని రాయండి.” కింద తన పేరూ, ఊరి పేరూ రాశాడు. నేనూ సంతకం చేశాను.