ఎవరు చూచుచున్నారని ఇచ్చుచున్నాము?



కోతపండుగనాటి వేలము మన సంఘములలో అందరు ఎరిగినదే. సొరకాయయైనను కోడిపుంజైనను సంతవెలకు రెండింతలు మూడింతలు పలుకును. ఒక సంవత్సరము ఒక గుమ్మడికాయకు మేమును పాట పెంచుచు పోతిమి. దానిని చంకనెత్తుకొని ఇంటికి వచ్చుచు మమ్మును మేమే ప్రశ్నించుకొంటిమి: ప్రక్క వరుసవారు పాడకపోయినయెడల మేము అంత పాడియుందుమా? పాడియుండము. దేవుని పనికొరకు పాడినమాట నిజమే. ఓడిపోకూడదని పాడినమాటయు నిజమే. ఏది ఎంత పాలో మాకు తెలియలేదు.

2006లో ఇంగ్లండునుండి ఒక పరిశోధన వెలువడెను. న్యూకాజిల్ విశ్వవిద్యాలయములో ఒక గదిలో ఉద్యోగులు టీ త్రాగి, తమంతట తామే పెట్టెలో డబ్బు వేయవలెను, కావలివారు లేరు. ధరల కాగితముపై ఒక వారము పువ్వుల బొమ్మను, మరుసటి వారము కన్నుల బొమ్మను ఉంచిరి. కన్నులున్న వారములలో ఇంచుమించు మూడింతల డబ్బు పడెను. తరువాత ఇతరులు చేసిన పరీక్షలన్నియు దీనిని బలపరచలేదు. అయినను మాకు గుమ్మడికాయ సాక్ష్యమే చాలును.

అననీయ కథను మనము అబద్ధమును గూర్చిన పాఠముగానే చెప్పుకొందుము. దానిని 5వ అధ్యాయమునుండి మొదలుపెట్టుటవలన ఒక సంగతి తప్పిపోవుచున్నది. అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయము బర్నబాతో ముగియును. అతడు భూమి అమ్మి, ఆ సొమ్ము తెచ్చి అపొస్తలుల పాదములయొద్ద పెట్టెను. సంఘమంతయు చూచియుండును గదా! ఆ వెంటనే అననీయ వచ్చెను. కొంత దాచుకొనుట అతని నేరము కాదు. పొలము అతనిదే, అమ్మిన సొమ్మును అతని వశములోనిదేయని పేతురే చెప్పెను. ఇది కొంతభాగమేయని చెప్పి ఇచ్చియుంటే ఎవరు కాదందురు? అతనికి బర్నబా పొందిన పేరు కావలసియుండెను, తక్కువ వెలకు.

అట్లైన మనస్సు శుద్ధియగువరకు ఇయ్యకుందుమా? అది పిసినారికి మంచి సాకు. పస్తున్న ఇంట ఉడికిన అన్నము, ఇచ్చినవాడు ఏమి తలంచి ఇచ్చెనో అడుగదు. మన డంబము మనలను మాత్రమే చెరపినయెడల మేము ఇంత వ్రాయనక్కరలేదు. దాని వెలను పుచ్చుకొనువారిచేత కట్టించుచున్నాము. క్రిస్మసుకు దుప్పట్లు పంచునాడు విధవరాండ్రను వరుసగా నిలువబెట్టి, పేర్లు చదివి, ఫోటో తీయించితిమి. ఒక అవ్వ దుప్పటిని ముఖముమీదికి లాగుకొనెను. చలికని మేమనుకొంటిమి. మనుమరాలితో చదువు పిల్లలు ఆ ఫోటో చూతురేమోయని దాచుకొన్నదట.

మన తల్లులు ఎసటిలో బియ్యము పోయకముందు ఒక పిడికెడు తీసి ముంతలో వేసెడివారు. ఆదివారము ఆ ముంతలన్నియు ఒకే గంపలో కుమ్మరించెడివారు. ఏ గింజ ఎవరిదో పాస్టరుగారికిని తెలియదు. మిజోరము సంఘములలో ఇదే వాడుక 1910లో మొదలై నేటికిని సాగుచున్నది.

ఈ యేడు దుప్పట్లను చీకటిపడిన తరువాత ఇండ్లకే చేర్చుదమని సంఘ కూటములో చెప్పితిమి. “అట్లయితే మనము ఇచ్చినట్టు ఊరికి ఎట్లు తెలియును?” అని ఒక పెద్ద అడిగిరి. కొందరు నవ్విరి. మాకు నవ్వు రాలేదు. అదే మాట మా మనస్సులోను ఉండెను.