పరుగు - పని - తీరిక

శ్రమజీవి పక్షాన నిలబడ్డామని చెప్పుకునే మనం, ఏ ప్రతిఫలమూ ఆశించకుండా ఇరవయ్యొక్క కిలోమీటర్లు పరుగెత్తటాన్ని సమర్థించగలమా? ప్రశ్న చూడటానికి చిన్నది. కాని శ్రమ అంటే ఏమిటి, తీరిక ఎవరి సొత్తు అన్న పెద్ద ప్రశ్నలు దీని వెనకనే వున్నాయి. హాఫ్ మారథాన్ నగరవాసుల వినోదమని కొట్టిపారేయటానికి వీలులేదు. హైదరాబాదుకో, విశాఖపట్నానికో, బెంగుళూరుకో పనికోసం వెళ్ళిన పల్లెటూరి యువకుల్లోనూ, ఉపాధ్యాయుల్లోనూ మొదటి పరుగుకు పేరు ఇచ్చేవారున్నారు. సెలవుకు ఇంటికి వస్తే, సాధన సాగేది ఊరి రోడ్డుమీదనే.

శాంతిపురంవంటి చోట ఈ ప్రశ్న మరీ పదునెక్కుతుంది. కుప్పం - పలమనేరు దారిలో వున్న ఈ ప్రాంతంలో తెల్లవారుజామున ఎవరి పని వారిని తరుముతూ వుంటుంది. పాలు పితికి కేంద్రానికి చేర్చాలి. మల్బరీ ఆకు కోసి పట్టుపురుగులకు వెయ్యాలి. కుప్పం స్టేషనులో బెంగుళూరు రైలు అందుకోవాలి. ఇంతమంది పనికోసం పరుగెత్తే వేళ, పనిలేని పరుగు ఒకడు పరుగెత్తితే చూసేవాళ్ళు నవ్వటంలో వింత ఏమున్నది? తిన్నది అరగక పరుగెత్తుతున్నాడని వారంటే, అందులో అసూయ లేదు. ఒక జీవితానుభవం వున్నది.

అదే రోడ్డుమీద పరుగెత్తే మరొక గుంపును చూసి మాత్రం ఎవరూ నవ్వరు. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి సాధన చేసే కుర్రవాళ్ళు వాళ్ళు. 1600 మీటర్లు ఎనిమిది నిమిషాల్లో ముగించాలి. ఆ పరుగు దరఖాస్తులో ఒక భాగం. ఉద్యోగం వచ్చినా, వయోపరిమితి దాటినా, చాలామందికి పరుగు అక్కడితో సరి. అది వాళ్ళ పరుగు కాదు, పరీక్షది. పేదవాడి దేహాన్ని కొనుగోలుకు పనికివచ్చినంతమేరకే మన సమాజం గౌరవిస్తుందనటానికి వేరే ఉదాహరణ అక్కరలేదు.

తీరిక వున్నవాడి విలాసమనే ఆరోపణకు చరిత్రలో ఆధారం లేకపోలేదు. 1866లో లండన్‌లో ఏర్పడిన అమెచ్యూర్ అథ్లెటిక్ క్లబ్బు, మెకానిక్కులను, చేతిపనివాళ్ళను, కూలీలను తన నిర్వచనంతోనే బయట నిలబెట్టింది. చేతులతో బతికేవాడికి ఆటలో చోటు లేదన్నమాట! 1880లో అమెచ్యూర్ అథ్లెటిక్ అసోసియేషన్ ఏర్పడినప్పుడుగాని ఆ అడ్డు తొలగలేదు. మారథాన్ దూరం కథ కూడా ఇటువంటిదే. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగును విండ్సర్ కోట దగ్గర మొదలుపెట్టి, స్టేడియంలో రాజకుటుంబపు ఆసనాల ఎదుట ముగించారు. అట్లా వచ్చిన 42.195 కిలోమీటర్లనే 1921లో ప్రమాణం చేశారు. మన హాఫ్ మారథాన్ అందులో సగం.

ఐతే పుట్టుకను చూపి వస్తువును తిరస్కరించటం విమర్శ కాదు. 1886 మే 1న చికాగో కార్మికులు ఎనిమిది గంటల పనిదినం కోరినప్పుడు, వారు కోరింది నిద్ర ఒక్కటే కాదు. పని, విశ్రాంతి పోగా మిగిలిన ఎనిమిది గంటలు తమ ఇష్టమన్నారు. ఆ ఇష్టానికి సంజాయిషీ చెప్పుకోనక్కరలేదనటమే ఆ ఉద్యమపు నీతి. 1925లో ఫ్రాంక్‌ఫర్టులో, 1931లో వియన్నాలో, 1937లో ఆంట్‌వెర్ప్‌లో కార్మిక ఒలింపియాడ్లు జరిపినవారు ఆటను విలాసమని వదులుకోలేదు. తమదని అడిగి తీసుకున్నారు. బాటా ఫ్యాక్టరీ కార్మికుడుగా జీవితం మొదలుపెట్టిన ఎమిల్ జాటోపెక్, 1952లో హెల్సింకీలో 5000, 10000 మీటర్లు నెగ్గి, ఆపైన జీవితంలో మొట్టమొదటి మారథాన్ పరుగెత్తి అదీ నెగ్గాడు. 1968లో ప్రాగ్ సంస్కరణలను సమర్థించినందుకు అదే మనిషిని పార్టీనుండి తొలగించి కాయకష్టానికి పంపిన సంగతీ మనం దాచకూడదు. మనిషికి కాలు ఎంత సొంతమో నోరూ అంత సొంతం కావాలి.

మొదటి హాఫ్ మారథాన్‌కు సిద్ధమయ్యేవాడు నెలల తరబడి, వారానికొకసారి దూరం కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతాడు. మధ్యలో విశ్రాంతి దినాలుంటాయి. అవి సోమరితనం కాదు, సాధనలో భాగమే. కండరం బలపడేది పరుగు ముగిశాక, తిండిలో, నిద్రలో. మనం గమనించవలసిన రహస్యం ఇక్కడ వున్నది. పొలంలో రోజంతా వంగిన కూలీమనిషి పడే కష్టం పరుగువాడి కష్టానికి తీసిపోదు. ఆమెకు లేనిది బలం కాదు, కోలుకునే వ్యవధి. కష్టం ఇద్దరిదీ; కోలుకునే హక్కు ఒకరిదే. ఒలింపిక్స్‌లో స్త్రీలకు మారథాన్ పెట్టింది 1984లో. అంతవరకు స్త్రీ దేహం అంత దూరాన్ని భరించలేదన్నారు. నీళ్ళ బిందెలు, కట్టెలమోపులు మోసుకుని ఆమె నడిచిన దూరాన్ని భరించగలదా అని మాత్రం ఎవరూ అడగలేదు.

పదహారు, పదిహేడు కిలోమీటర్లు దాటాక కాళ్ళు బరువెక్కి దేహం ఆగమంటుంది. ఆగే స్వేచ్ఛ వుండీ ఆగకపోవటమే పరుగులోని నీతి. కూలీకి ఆ స్వేచ్ఛ లేదు. ఆగితే ఆ పూట కూలి పోతుంది. కాబట్టి కష్టపడటమే గొప్ప అని రెండింటినీ ఒకే గాట కట్టటం అన్యాయం. ఒక అలసటకు కొనుగోలుదారు వున్నాడు. రెండోది మనిషి తనదిగా వుంచుకున్న అలసట.

తనదిగా వుంచుకున్నదాన్ని కూడా మళ్ళీ అమ్మకానికి పెట్టే ప్రమాదం లేకపోలేదు. ప్రవేశరుసుము, కంపెనీ పేరు అచ్చువేసిన చొక్కా, నిమిషనిమిషానికీ లెక్కచెప్పే గడియారం - ఇవన్నీ కలిసి తీరికను పీసువర్కుగా మారుస్తాయి. తనకు తానే మేస్త్రీ అయి తన్ను తాను అదిలించుకునేవాడు స్వేచ్ఛగా పరుగెత్తుతున్నాడనలేము. మొదటిసారి పరుగెత్తేవాడికి ఒక అదృష్టం వున్నది: దాటవలసిన పాత రికార్డు ఏదీ అతనికి లేదు. చివర వచ్చినా అతను పరుగెత్తిన దూరం అంతే దూరం.

మరి కర్తవ్యం ఏమిటి? సిగ్గుపడి పరుగు మానటం కాదు. మన సిగ్గువల్ల ఏ కూలీకీ ఒక గంట విశ్రాంతి దొరకదు. ఫ్యాక్టరీలలో రోజువారీ పని పరిమితిని తొమ్మిది గంటలనుండి పదికి పెంచాలని 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించింది. ఆ పదో గంట ఎక్కడనుండి వస్తుంది? నిద్రలోనుండి, బిడ్డతో గడిపే సాయంత్రంలోనుండి, ఎవరో ఒకరు పరుగెత్తగలిగి వుండే ఉదయంలోనుండి వస్తుంది. సొంత గంట విలువ ఏమిటో కాళ్ళతో తెలుసుకున్నవాడు, ఇతరుల గంట పోతూవుంటే చూస్తూ వూరుకున్నాడంటే, అతని పరుగు నిజంగా తిన్నది అరగని పరుగే. అతడు వారి పక్షాన మాట్లాడిననాడు, రోడ్డు పక్కన నవ్విన మనిషికీ అతనికీ మధ్య వాదులాట మిగలదు. ఇద్దరికీ కావలసింది ఒకటే గంట.