విధి కాపురమున్న మలుపు

రోడ్డు ప్రమాదంలో మనిషి పోయిన ఇంటి ముందు షామియానా వేస్తారు. ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న చుట్టాలు కాసేపు లారీ సంగతి, హెల్మెట్ సంగతి మాట్లాడుకుని చివరికి ఒక్క మాట దగ్గర ఆగుతారు: నూకలు చెల్లాయి. తల్లికి ఆ మాట కావాలి. అది లేకపోతే ఆమెకు ఆ రాత్రి గడవదు. అదే వేళకు పోలీస్ స్టేషన్‌లో రైటరు ఇంకో మాట రాస్తుంటాడు: డ్రైవరు అతివేగంగా, అజాగ్రత్తగా నడిపినందువల్ల. ఇంటి దగ్గర తప్పు విధిది, స్టేషన్‌లో డ్రైవరుది. ఈ రెండింటి మధ్య ఒక రోడ్డు ఉంది. దాన్ని ఒకరు కాగితం మీద గీశారు, ఒకరు టెండరు పిలిచారు, ఒకరు తారు పోశారు, ఒకరు పని బాగుందని బిల్లు మీద సంతకం పెట్టారు. ఆ పేర్లు షామియానా కింద వినపడవు, ఎఫ్ఐఆర్‌లోనూ కనపడవు.

ఇది చట్టానికి ఎంత ప్రశ్నో వేదాంతానికీ అంతే ప్రశ్న. ఒక పని జరిగిందంటే దానికి కర్త ఎవరు? భగవద్గీత పద్దెనిమిదో అధ్యాయం దీనికి జవాబుగా ఒక పేరు చెప్పి ఊరుకోదు. ఏ పని జరగడానికైనా ఐదు కారణాలు కలవాలంటుంది: అధిష్ఠానం, కర్త, కరణం, రకరకాల చేష్టలు, ఐదోది దైవం. అధిష్ఠానమంటే శరీరమని వ్యాఖ్యాతలు అర్థం చెప్పారు. కానీ మాటకు మూలార్థం ఆధారం, పని జరిగే చోటు. ఆ అర్థంలో రోడ్డు ప్రమాదాన్ని చూస్తే పోలీసులు రెండో కారణం దగ్గర ఆగుతున్నారు, చుట్టాలు నేరుగా ఐదోదానికి వెళ్ళిపోతున్నారు. మొదటిదాన్ని ఎవరూ అడగడం లేదు. దైవాన్ని గీత కాదనలేదు, చివరన పెట్టింది. మిగతా నాలుగూ చూడకుండా ఐదోదాని మీద భారం వేయడం భక్తి అనిపించుకోదు.

కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్ల మీద చనిపోయినవారు 1,68,491 మంది. రోజుకు 460 మందికి పైగా. వారిలో 32,825 మంది కాలినడకన పోతున్నవాళ్ళు. మొత్తం మరణాల్లో దాదాపు 71 శాతం అతివేగం ఖాతాలో పడ్డాయి. గుంతల ఖాతాలో పడినవి 1,856. ఆ అతివేగాన్ని కోరి పిలిచేలా రోడ్డు వేసిన తప్పుకు ఆ పట్టికలో పద్దు లేదు. ఊరి నడుమ ఆరు వరసల తిన్నటి రోడ్డు వేసి, పక్కన 40 అని బోర్డు పెడితే డ్రైవరు కాలు బోర్డు మాట వినదు, రోడ్డు మాటే వింటుంది.

అదే శాఖ వాడే మరో మాట బ్లాక్ స్పాట్. జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్ళలో ప్రాణాలు తీసినవో తీవ్రంగా గాయపరిచినవో ఐదు ప్రమాదాలు జరిగినా, పది మంది చనిపోయినా ఆ చోటుకు ఆ పేరు పెడతారు. ఎవరి కర్మ వారిదైతే, ఒకరికొకరు ముఖపరిచయం లేని పది మంది పూర్వజన్మ ఫలాలన్నీ ఆ 500 మీటర్లలోనే ఎందుకు పండుతున్నాయి? అక్కడ మలుపు సరిచేసి, దీపాలు పెట్టి, వేగం తగ్గేలా కట్టిన మర్నాటి నుంచి ఆ విధి ఎక్కడికి పోతోంది? తెలుగు ఊళ్ళలో ఇలాంటి చోట ఏదో ఉందని నిమ్మకాయలు కోస్తారు, గుమ్మడికాయ కొడతారు, వేపచెట్టు కింద చిన్న గుడి వెలుస్తుంది. జనం గుర్తించింది నిజమే, అక్కడ ఏదో ఉంది. డిజైను తప్పు ఉంది.

అలాంటి చోటును కాస్త దగ్గరగా చూడాలి. రోడ్డుకు ఇటు బస్టాపు, అటు బడి. మధ్యలో డివైడరు, దాని మీద ఇనుప కంచె, చాలా దూరం వరకు సందు లేదు. కొన్నాళ్ళకు ఎవరో రెండు చువ్వలు వంచుతారు. ఆ సందులోంచి ముందు పుస్తకాల సంచీ దాటుతుంది, తర్వాత పిల్ల. తరవాత కూరగాయల గంప, దాని వెనక మనిషి. రోజూ చేతులు పడి పడి ఆ రెండు చువ్వలకే తుప్పు ఉండదు, నున్నగా మెరుస్తుంటాయి. జనం ఎక్కడ దాటాలనుకుంటున్నారో ఏ సర్వే చేయకుండానే ఇంజనీరుకు చెప్పే చువ్వలవి. అక్కడ ఒకరు చనిపోయి, శవాన్ని రోడ్డు మీద పెట్టి రాస్తారోకో చేస్తే నాలుగు రోజుల్లో కంకర పోసి స్పీడ్ బ్రేకర్ లేపుతారు. నాలుగు రోజుల్లో వేయగలిగినదాన్ని నాలుగు నెలల ముందే వేయనందుకు సంజాయిషీ అడిగేవారు లేరు.

పూర్వులు ఈ సంగతి ఆలోచించలేదనుకోవడం పొరపాటు. మనుస్మృతిలో ఈ కాలం ఒప్పుకోలేనివి ఎన్నో ఉన్నాయి, కానీ ఎనిమిదో అధ్యాయంలో బండి ప్రమాదాల మీద ఉన్న విచారణ చదవదగ్గది. ముక్కుతాడు తెగినా, కాడి విరిగినా, ఇరుసు విరిగినా, తప్పుకోమని తోలేవాడు కేకవేసినా శిక్ష లేదు. తోలేవాడు నేర్పరి అయ్యుండి నష్టం చేస్తే దండన అతడికే. నేర్పులేనివాడి చేతికి బండి ఇస్తే యజమాని 200 పణాలు కట్టాలి. అంటే పగ్గాలు పట్టనివాడికీ బాధ్యత ఉండవచ్చని ఆనాడే ఒప్పుకున్నారు. ఆ అధ్యాయంలోనే ఇంకో మాట ఉంది: ప్రజల్ని కాపాడే రాజుకు వాళ్ళ పుణ్యంలో ఆరోవంతు చెందుతుంది, కాపాడనివాడికి పాపంలో ఆరోవంతు. పన్నుకు ప్రతిగా పాపం. నేటి పాలకులు పన్ను వసూలు చేసుకుంటున్నారు గానీ ఆ రెండో ఆరోవంతు జోలికి పోవడం లేదు.

బెజవాడలో తరతరాలుగా చెప్పుకునే కథ కూడా ఒక రోడ్డు ప్రమాదం కథే. రాజు మాధవవర్మ కొడుకు రథం తోలుకుపోతుంటే చింతచిగురు అమ్ముకునే పేదరాలి బిడ్డ చక్రాల కింద పడ్డాడు. ఆమె ఏడుస్తూ రాజు దగ్గరకు వెళ్ళింది. బిడ్డకు నూకలు చెల్లాయని రాజు అనలేదు. వీధిలో ఆడుకోనిచ్చిన తప్పు నీదేననీ అనలేదు. నేరం రుజువయ్యాక కొడుక్కే మరణశిక్ష వేశాడు. ఆ ధర్మానికి మెచ్చి దుర్గమ్మ కనకవర్షం కురిపించిందని, కనకదుర్గ అన్న పేరు అలా వచ్చిందని చెబుతారు. ఉరి ఈ కాలానికి న్యాయం కాదు, ఎవరూ అది కోరడం లేదు. కథలో నిలవాల్సిన ముక్క వేరే ఉంది: ఆమెకు వెళ్ళడానికి ఒక గడప ఉంది. ఇవాళ ఆ తల్లి కార్పొరేషన్‌కు వెళితే ఆ రోడ్డు ఆర్ అండ్ బీ వాళ్ళదంటారు, అక్కడికి వెళితే జాతీయ రహదారుల వాళ్ళదంటారు, వాళ్ళు కాంట్రాక్టరును చూపిస్తారు.

కర్మ లెక్కనే నిలదీయవచ్చా అన్నదానికి మహాభారతంలో మాండవ్యుడి కథ ఉంది. దొంగతనం అంటగట్టి రాజభటులు ఆ మునిని కొరత వేశారు. పొరపాటు తెలిసి రాజు కాళ్ళ మీద పడ్డాడు. ముని అక్కడితో ఆగకుండా యముడి సభకే వెళ్ళి ఏ పాపానికి ఈ శిక్ష అని అడిగాడు. చిన్నప్పుడు పురుగుల్ని పుల్లతో గుచ్చావన్నాడు యముడు. తెలియని వయసు తప్పుకు ఇంత శిక్షా అని మండిపడి, శూద్ర స్త్రీ కడుపున పుట్టమని యముణ్ణే శపించాడు. ఆ యముడే విదురుడిగా పుట్టాడు. పద్నాలుగేళ్ళు నిండేదాకా ఏం చేసినా పాపం అంటదని కట్టడి చేసింది కూడా ఆ మునే. చావు లెక్కలు రాసే అధికారికే జవాబుదారీ తప్పలేదు.

తప్పులో ఎవరి వాటా ఎంతన్న లెక్క న్యూయార్క్‌లో నిజంగానే కట్టారు. 2004 డిసెంబరులో బ్రూక్లిన్‌లోని గెరిట్సెన్ అవెన్యూ మీద సైకిల్‌పై దాటుతున్న 12 ఏళ్ళ బాలుణ్ణి ఒక కారు గుద్దింది. అక్కడ పరిమితి గంటకు 30 మైళ్ళు, కారు వేగం 50 మైళ్ళు దాటింది. పిల్లవాడు బతికాడు గానీ తీవ్రంగా దెబ్బతిన్నాడు. ఆ వీధిలో వేగం మీద అంతకుముందే ఫిర్యాదులున్నాయి. వేగాన్ని అదుపు చేసేలా వీధిని మార్చే అధ్యయనం మాత్రం నగరం చేయించలేదు. జ్యూరీ బాధ్యతను పంచింది: డ్రైవరుకు 50 శాతం, నగరానికి 40, పిల్లవాడికి 10. 2016 డిసెంబరులో ఆ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం ఆ తీర్పును నిలబెట్టింది. మాండవ్యుడి లెక్కలో ఆ పది శాతం కూడా ఉండేది కాదు. నగరానికి పడిన 40 మాత్రం గీత చెప్పిన మొదటి కారణానికి దక్కిన వాటా.

స్వీడన్ పార్లమెంటు 1997లో ఇంకో అడుగు ముందుకేసింది. మనిషి పొరపాటు చేస్తాడు, ఆ పొరపాటుకు ప్రాణం మూల్యం కాకూడదు, వాహనదారులు నియమం తప్పినా చివరి బాధ్యత రోడ్డు వ్యవస్థను రూపొందించినవాళ్ళదే అని తీర్మానించింది. ఆ ఏడాది అక్కడ 541 మంది చనిపోయారు. ఇటీవలి సంవత్సరాల్లో అందులో సగం కూడా లేదు.

మన దేశంలో 2019లో మోటారు వాహనాల చట్టానికి 198ఏ సెక్షన్ చేర్చారు. ప్రమాణాలు పాటించని అధికార సంస్థ, కాంట్రాక్టరు, కన్సల్టెంట్ వల్ల ప్రాణం పోతే జరిమానా లక్ష రూపాయల దాకా. నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన డ్రైవరుకు ఐదేళ్ళ దాకా జైలు. 2013 నుంచి 2017 వరకు గుంతల వల్ల 14,926 మంది చనిపోయారన్న లెక్క చూసి 2018లో సుప్రీంకోర్టు తీవ్రంగా మందలించింది. 2025 అక్టోబరులో బొంబాయి హైకోర్టు గుంత వల్ల చనిపోయినవారి కుటుంబానికి ఆరు లక్షలు ఇవ్వాలని, ఆ సొమ్మును బాధ్యుల నుంచి రాబట్టాలని ఆదేశించింది. గుంత కంటికి కనపడుతుంది కాబట్టి అక్కడిదాకా వచ్చారు. లేని ఫుట్‌పాత్, సందు లేని డివైడరు కోర్టు దాకా రావడం ఇంకా కష్టం.

ఇప్పుడు ప్రమాదాల నమోదుకు ఐరాడ్ అనే కేంద్ర వ్యవస్థ ఉంది. పోలీసులు వివరాలు ఎక్కించాక రోడ్డు శాఖ ఇంజనీరుకు కబురు వెళుతుంది, ఆయన ఆ చోటుకు వెళ్ళి చూసి రోడ్డు తీరు నమోదు చేయాలి. ఆ వంగిన చువ్వల దగ్గర నిలబడి ఆయన ఏం చూశారో, తప్పు తన శాఖదే అయినా రాశారో లేదో తెలిసేలా ఆ నివేదిక ప్రతి ఒకటి ఆయన సంతకంతో షామియానా వేసిన ఇంటికి అందాలి.