యోగదండంతో పెళ్లి

ఊరు కాని ఊరు చూడబోయిన దంపతులకు ముందు ఎక్కడికి వెళ్దామన్న దగ్గరే పేచీ మొదలవుతుంది. కరీంనగర్ నుంచి వచ్చి షోలాపూర్ భవాని పేట్‌లో చుట్టాలింట దిగిన జంటనే అనుకోండి. ఆమెకు పొద్దున్నే రూపాభవాని దర్శనం కావాలి. వీలైతే తుళ్జాపూర్ కూడా వెళ్లి అమ్మవారికి ఒడిబియ్యం పోసి రావాలి. ఆయనకేమో భుయికోట కిల్లా చూడాలి, చద్దర్లు బేరమాడాలి. ఎవరి మాట నెగ్గినా, సాయంత్రానికి ఇద్దరూ చేరేది కిల్లా పక్కనే ఉన్న సిద్ధేశ్వరుడి చెరువు దగ్గరికే.

చెరువు నడుమ ఉన్న ఆ గుడిలోనే శివయోగి సిద్ధరామేశ్వరుడి సమాధి ఉంది. ఆయన 12వ శతాబ్దం వాడు, బసవేశ్వరుడి సమకాలికుడు, కన్నడంలో వచనాలు చెప్పినవాడు. ఈ చెరువు తవ్వించిందీ, ఊరి చుట్టూ 68 లింగాలు ప్రతిష్ఠించిందీ ఆయనేనని స్థానికుల విశ్వాసం.

అలాంటి విరాగికి ఏటా సంక్రాంతికి ఊరంతా కలిసి పెళ్లి చేస్తుంది. అదే గడ్డా యాత్ర. కుమ్మరింటి పిల్ల ఒకతె స్వామినే పెళ్లాడతానందట. ఆయన సంసారం వద్దనుకున్న యోగి. కాదని పంపేయలేక, తన యోగదండాన్ని పెళ్లాడమన్నాడు. ఆమె సరేనంది. ఆ దండానికి ప్రతీకలే ఏడు నందిధ్వజాలు. తెల్లటి బారాబందీలు తొడుక్కున్న భక్తులు ఆ పొడవాటి కర్రలను నడుముకు ఆనించి మోస్తూ 68 లింగాల దగ్గరకూ తిప్పుతారు. లింగాలకు తైలాభిషేకం జరుగుతుంది. మర్నాడు సమ్మతి కట్ట దగ్గర అక్షతలు పడతాయి, ఆ తర్వాత హోమం.

పెళ్లయినవాళ్లు నిలబడి ఆలోచించాల్సిన కథ ఇది. ఆ పిల్ల పెళ్లాడింది మనిషిని కాదు, ఆ మనిషి విడవని దీక్షను. సర్దుకుపోవడం ఆమె ఒక్కదాని వంతే అయిందా? కాదు. యోగి తన చేతి దండాన్ని ఎవరికీ ఇవ్వడు. సిద్ధరాముడు ఇచ్చాడు. తనకు ప్రాణమైనదాంట్లో ఆమెకూ చోటు చూపించాడు.

ఒకరి పనిలో మరొకరికి చోటివ్వడమంటే ఏమిటో భవాని పేట్ గల్లీల్లోని తెలుగు సాలెవారికి కొత్తగా చెప్పనక్కర్లేదు. తెలంగాణ పల్లెల నుంచి బతుకుదెరువుకు వచ్చిన వీళ్ల పెద్దల ఇళ్లలో మగాయన మగ్గం గుంటలో కూర్చుని నాడె వేస్తుంటే, ఆమె రాట్నం ముందు కండెలు చుట్టేది. నాడెలో నూలు అయిపోయే వేళకు, అడగకుండానే మరో కండె చేతికందేది. ఇప్పుడు ఆ చోట సాంచెలు వచ్చాయి, ఆడవాళ్ల ఒళ్లోకి బీడీల చాట వచ్చింది. ఈ పద్మశాలీలు మాత్రం రాఖీ పున్నమికి మార్కండేయుడి రథాన్ని ఇప్పటికీ వీధుల్లో లాగుతున్నారు. ఆ మార్కండేయుడూ మృకండు, మరుద్వతి దంపతులు బిడ్డ కోసం కోరి తెచ్చుకున్న వరమే.

ఒకరి కోరికలో మరొకరికి చోటుండాలనే తీర్థానికి జంటగా వెళ్లమని పెద్దలు చెప్పింది. వెంట వెళ్లినంత మాత్రాన కలిసి వెళ్లినట్టు కాదు. ఆమె క్యూలో ఉంటే ఆయన చెట్టు కింద ఫోను చూసుకుంటూ కూర్చోవడం, ఆయన బురుజు ఎక్కుతుంటే ఆమె కిందే నిలబడి తొందరపెట్టడం మనం చూస్తూనే ఉంటాం. డబ్బు ఖర్చయింది, కాళ్లు నొప్పెట్టాయి, ఎవరి యాత్ర వాళ్లదే అయింది. సగం రోజు ఆమె గుడి, సగం రోజు ఆయన కిల్లా అని పంచుకుంటే గొడవ తీరుతుంది గానీ పుణ్యం పూర్తి కాదు. ఆమెకు అమ్మవారిలో కనిపించేదేమిటో, ఆయనకు ఆ పాత రాళ్లలో దొరికేదేమిటో ఒకరినొకరు అడగాలి.

ఈసారి ఏ గుడికి వెళ్లినా మన కోరికల చిట్టా విప్పబోయే ముందు, పక్కనున్న మనిషి మొక్కు తీరాలని మొక్కుకుందాం. ఆ మొక్కేమిటో తెలియదంటారా? అయితే గుడి మెట్లు ఎక్కకముందే అడిగి తెలుసుకోవాలి.