భూతదయ – భగవంతుని సొత్తు

సర్వభూతములయందును దయ కలిగియుండుట వైష్ణవ లక్షణములలో మొదట ఎన్నదగినది. ఆవుపై దయ చూపుట మనకు సులభము. అది పాలిచ్చు తల్లి, పూజనీయ. చిలుకపై దయ చూపుటయు సులభమే; అది చూడముచ్చటైనది, గోదాదేవి చేతిని అలంకరించినది. కాని గోడపై ప్రాకు బల్లిని, కంచెపై తలయూచు తొండను, రాతిసందున దాగు నలికిరిని చూచినప్పుడు దయ అను మాట మనకు స్ఫురించుట అరుదు. అట్టి అల్పప్రాణిని ఎవరైన అడవినుండి తెచ్చి, ఆహారమిడి పెంచదలచినచో అది మెచ్చదగిన పనియా, కాదా? ప్రశ్న చిన్నదిగా తోచును. విచారించినకొలది ఇది దయకును మమకారమునకును హద్దు ఎక్కడ అను పెద్ద ప్రశ్న అగును.

1970లో ఒంగోలు కేంద్రముగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లానుండి వచ్చి చేరిన మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములు నల్లమలకు తూర్పు వాకిళ్లు. మార్కాపురమున శ్రీ లక్ష్మీచెన్నకేశవస్వామి కొలువైయున్నాడు. ఆ చుట్టుపట్ల భూమిలో పలకరాయి పొరలు పొరలుగా దొరకును. ఎన్ని ఊళ్ల పిల్లలో ఓనమాలు దిద్దినది ఆ పలకలపైననే. గిద్దలూరునుండి నంద్యాలకు పోవు దారి దిగువమెట్ట దాటి అడవిలో ప్రవేశించును. ఆ కొండలకు ఆవలి వైపున అహోబిల నృసింహుని సన్నిధి. ఎండకు కాగిన రాతిపెళ్లను ఎత్తినచో దాని క్రింద బల్లిపిల్ల కనబడుట ఇక్కడి పిల్లలకు వింత కాదు. అట్లు ఒక బాలుడు వేలి కణుపంత ప్రాణిని అగ్గిపెట్టెలో పెట్టి ఇంటికి తెచ్చి, “అవ్వా, దీనికి అన్నము పెట్టి పెంచుకొందును” అనెననుకొందము. అవ్వ ఏమి చెప్పవలెను?

“ఛీ, దోషము, పారవేయుము” అనుట మొదటి పొరపాటు. పంచాంగములలో బల్లిపాటు ఫలములు చదివి చదివి మనము బల్లిని శకునముగనే చూచుట నేర్చితిమి, ప్రాణిగా చూచుట మరచితిమి. కంచి వరదరాజస్వామి సన్నిధిలో బంగారు బల్లిని, వెండి బల్లిని తాకివచ్చిన యాత్రికులు అక్కడి కథను స్మరింపవలెను. గౌతమ మహర్షి శిష్యులు ఇరువురు పూజకు తెచ్చిన నీటిలో బల్లి పడియుండుటను గమనింపక శాపమునొంది బల్లులై, వరదుని కృపచే విముక్తి పొందిరని అక్కడ చెప్పుదురు. ఆ శిష్యుల లోపము బల్లిని తాకుట కాదు, దానిని గమనింపకుండుట. బాలుడు గమనించినాడు. ఆ చూపును అసహ్యముతో ఆర్పరాదు.

అట్లయిన పెంచుకొననిమ్మందుమా? పెంచవచ్చునను పక్షమునకును శాస్త్రబలము కలదు. గృహస్థుని పంచమహాయజ్ఞములలో భూతయజ్ఞము ఒకటి. వైశ్వదేవమైన పిదప కుక్కకు, కాకికి, పురుగుకు కూడ బలి పెట్టుట విధి. శ్రీమద్భాగవత సప్తమస్కంధమున నారదుడు యుధిష్ఠిరునకు గృహస్థధర్మము చెప్పుచు జింకను, ఎలుకను, ప్రాకెడు జంతువును, పక్షిని, ఈగను కూడ కన్నబిడ్డలవలె చూడవలెనని ఉపదేశించెను. మరియు వైష్ణవుని ఆశ్రయించినది పశువైనను పక్షియైనను పరమపదము చేరునని మన పెద్దలు చెప్పుదురు. ఇంట తీర్థప్రసాదముల నడుమ, నామసంకీర్తన వినుచు పెరుగు బల్లిపిల్లకు ఇంతకంటె మేలేమి? ఇది పూర్వపక్షము.

దీనికి సమాధానము చెప్పుటకు ముందు ఆ ప్రాణి స్వభావమును తెలిసికొనవలెను. స్వభావము నెరుగని దయ గ్రుడ్డిది. బల్లి అన్నము తినదు, పాలు త్రాగదు. కదలు పురుగే దాని ఆహారము. పిల్ల అయినచో తన తలకంటె చిన్నవైన మెత్తని పురుగులే కావలెను. గిన్నెలో పోసిన నీటిని కూడ అది గుర్తింపకపోవచ్చును. ఆకుపై, రాతిపై నిలిచిన బిందువులను నాకి దాహము తీర్చుకొనును. తన శరీరమునకు కావలసిన వేడిని మనవలె లోపల పుట్టించుకొనలేదు; వేడిని ఎండరాతినుండి, చల్లదనమును రాతినీడనుండి గ్రహించును. బల్లి తోకలో కొవ్వు నిలువయుండును. భయము కలిగినప్పుడు ఆ తోకను విడిచి పారిపోవును. తోక మరల మొలచునుగాని, కఱవుకాలమునకు దాచుకొన్న పాథేయము పోయినట్లే. కావున అగ్గిపెట్టెలో పెట్టి అన్నపు మెతుకు వేసినవాడు ప్రేమతోనే దానిని ఆకలికి అప్పగించుచున్నాడు.

తెలిసి పెంచినచో? అప్పుడు మరియొక ధర్మసంకటము ఎదురగును. దీపమువద్దకు వచ్చిన పురుగును గోడమీది బల్లి పట్టుకొనిన అందు ఎవరికిని పాపము లేదు. ఒక జీవము మరియొక జీవమునకు ఆహారమగుట భగవంతుడు కల్పించిన వ్యవస్థ. కాని దానిని పెట్టెలో బంధించినవాడు ప్రతిదినము పురుగులను పట్టి తెచ్చి ఇయ్యవలెను. బల్లికి సహజమైన వేట అప్పుడు మనుష్యునికి సంకల్పపూర్వకమైన హింస అగును. పట్టకుండినచో బల్లికి పస్తు, పట్టినచో పురుగునకు చావు; రెంటికిని కర్త పెంచువాడే. బంధించుటచే ఈ భారము నెత్తికెక్కినది. బంధింపకున్న అది లేనే లేదు.

ఇక వైష్ణవాశ్రయమను మాట. ఆశ్రయించుట వేరు, పట్టుబడుట వేరు. విభీషణుడు తానై వచ్చి శరణనెను గనుక అది శరణాగతి అయినది. మన ఇంటి దూలములో తానై చేరిన బల్లి వైష్ణవగృహమును ఆశ్రయించినది అనవచ్చును. అగ్గిపెట్టెలో వచ్చినది ఆశ్రయింపలేదు, అపహరింపబడినది. ఒక వేటగాడు కుందేటి కూనను పట్టుకొనిపోవుచుండగా తల్లికుందేలు వెంబడించి పాదములపై పడినదట. అతడు కూనను విడిచిపెట్టెనట. ఆ మాట విని పరాశరభట్టరువారు మూర్ఛిల్లిరని సంప్రదాయము చెప్పును. శాస్త్రమెరుగని వేటగాని దయ, కూనను ఇంటికి గొనిపోయి పెంచుటలో కాదు, విడుచుటలో వెల్లడి అయినది.

ఈ విచారమునకు మూలము శేషశేషిభావము. జీవులన్నియు శ్రీమన్నారాయణునకు శేషభూతములని శ్రీరామానుజులు బోధించిరి. స్వామి సొత్తయిన ఆత్మను తనదనుకొనుట ఆత్మాపహారము. దొంగతనములలో దానిని మించినది లేదని మన ఆచార్యులు చెప్పిరి. తన ఆత్మనే తనదనరాదన్నప్పుడు బల్లిపిల్ల ఆత్మను “నాది” అనుట ఎట్లు చెల్లును? భాగవత దశమస్కంధమున నృగోపాఖ్యానము ఇచ్చట తలపదగినది. దాహముతో నీరు వెదకుచు పోయిన యాదవబాలురు పాడుబావిలో కొండంత ఊసరవెల్లిని చూచి, జాలి కలిగి, త్రాళ్లతో లాగిరి, అది కదలలేదు. శ్రీకృష్ణుడు వచ్చి ఎడమచేతితో అవలీలగా పైకి తీసెను. ఆ ఊసరవెల్లి పూర్వజన్మమున నృగమహారాజు. అతడు చేసిన తప్పు ఏమి? ఒకరికిచ్చిన ఆవు తన మందలో కలిసియుండగా తెలియక మరియొకరికి దానము చేసెను. అంతటి దాతకు కూడ ఒకరి సొత్తును తన సొత్తనుకొన్నందుననే ఆ రూపము వచ్చినది. సొత్తు ఎవరిదని విచారింపని దానము నృగుని అంతవానిని పడద్రోసినది. సొత్తు ఎవరిదని విచారింపని దయ మనలను ఏమి చేయును?

భరతమహారాజు కథ దీనికి ఉత్తరమిచ్చుచున్నది. గండకీతీరమున సింహగర్జనకు బెదరి దుమికిన లేడి ప్రవాహములో పిల్లను ఈని ప్రాణము విడువగా, ఆ పిల్లను భరతుడు ఒడ్డునకు చేర్చెను. అది తప్పు కాదు. చూచియు విడిచిన అదియే తప్పు. కాని ప్రాణము నిలిచిన పిదప కూడ “నా లేడి” అను భావము విడువలేదు, జపము సడలెను, పూజ సడలెను, అంత్యకాలమున లేడియే తలపున నిలిచెను, లేడియై పుట్టెను. రక్షణ ఎక్కడ ముగిసి మమకారము ఎక్కడ మొదలాయెనో ఆ హద్దును అతడు గమనింపలేదు.

కావున అవ్వ చెప్పవలసినది కఠినమైన మాట కాదు. “నాయనా, దీని ఇల్లు ఏ రాతి క్రింద? ప్రొద్దు క్రుంకకముందే అక్కడికి పోయి విడిచివత్తము” అనిన చాలును. తోక పట్టి ఎత్తరాదు. ఎత్తిన రాతిని మరల మెల్లగా యథాస్థానమున ఉంచవలెను. అది దాని పైకప్పు. బావిలోనో తొట్టిలోనో పడి బలము తప్పినదైనచో, నీడన గాలియాడు పెట్టెలో ఉంచి, ఒక ఆకుపై నీటిచుక్కలు చల్లి, తేరుకొనినంతనే విడువవలెను. అది ఆపద్ధర్మము, ఆపద తీరినంతనే ధర్మమును తీరును. ఉడుము వంటివాటిని పట్టుటయు ఉంచుకొనుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. గాయపడినది కనబడిన అటవీశాఖవారికి తెలుపవలెను. 1983లో ఏర్పడిన నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల అభయారణ్యములో ఈ ప్రాంతపు అడవులు కొంతభాగము చేరియున్నవి. అందుండి ఏ ప్రాణిని తెచ్చుటకును అనుమతి లేదు. పులికి చేసిన ఆ ఏర్పాటు నీడలోనే బల్లియు బ్రతుకుచున్నది.

బాలునికి ఏమి మిగులును? చూచుట మిగులును. సాయంకాలము దీపమువద్ద బల్లి ఎట్లు పొంచియుండునో, రెప్పలు లేని కన్నులను నాలుకతో ఎట్లు తుడుచుకొనునో అవ్వ చూపవచ్చును. మన తిరుమల కొండరాళ్లలోనే బంగారువన్నె బల్లి యొకటి కలదనియు, దానిని 1870లో బెడ్డోమ్ అను ఆంగ్లేయుడు శాస్త్రలోకమునకు తెలిపెననియు చెప్పవచ్చును. పెట్టెలో ఒక బల్లిని పోగొట్టుకొన్న బాలునికి గోడలన్నియు, రాళ్లన్నియు దక్కును.

పెట్టి పోషించుట దయలో ఒక భాగము. విడుచుట మరియొక భాగము. మొదటిది మనకు సంతోషమునిచ్చును గనుక సులభము. రెండవది కష్టము; చేయి ఖాళీ అగును. కాని ఆ ప్రాణిలో అంతర్యామియై యున్నవాడు దానిని మనకంటె ముందునుండి పోషించుచున్నాడు, మన తరువాతను పోషించును. ఆ పోషకునిపై విశ్వాసముంచి అరచేయి తెరచుట కూడ ఒక కైంకర్యమే.